బస్తాగాడి ముక్కు

ఆ బ్యాగు కింద పెట్టకే! పైన పెట్టు, పైన! కుర్చీలో కాదే, కుర్చీ వాడికి అందుతుంది. అలమర మీద పెట్టు. చూశావా, అప్పుడే మూతి దూర్చేశాడు. ఏముందే అందులో? బిస్కెట్లా? వాడికోసమే తెచ్చావా? బాగుంది! నువ్వు కింద కారు దిగుతుంటేనే ఇక్కడ టపటపా తోక కొట్టుకోవడం మొదలెట్టాడు. గాలికి కిటికీ కొట్టుకుంటోంది కాబోలు అనుకున్నాను నేను.

కూర్చో. అల్లుడేడీ? కారు పెట్టడానికి చోటు వెతుకుతున్నాడా? అయితే ఇప్పట్లో రాడు. ఆదివారం పూట ఈ వీధిలో చోటు దొరకడమంటే మాటలా? మంచిదే.

ఏం లేదు, మంచిదే అన్నాను. నీతో కాస్త మాట్లాడాలి.

ముందు కుక్క సంగతి. తీసుకెళ్లడానికి వచ్చావు కదా, అన్నీ తెలుసుకుని తీసుకెళ్లు. నువ్వు అప్పగించినప్పటి కుక్క కాదు వీడు. ఏమన్నావప్పుడు? "కొన్నాళ్లేనమ్మా, మా ఇల్లుగలాయన కుక్కలొద్దంటున్నాడు, వేరే ఇల్లు దొరగ్గానే వచ్చి తీసుకెళ్తా" అన్నావు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లే? చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది, వానలు పట్టుకుని అవీ తగ్గుముఖం పడుతున్నాయి. సరేలే, సాధించడం లేదు. ఇల్లు దొరకడం ఎంత కష్టమో నాకు తెలియదా.

నువ్వు పెట్టిన పేరు ఒకటుందిగా, అది పలకబోతే నాకు తుమ్మొచ్చేది. "ఇదేం జాతే" అనడిగితే "బాసెట్ హౌండ్" అన్నావు. నాకు "బస్తా" అని వినపడింది. తీరా చూస్తే బస్తాయే! నిండు బస్తాకి నాలుగు పొట్టికాళ్లు తగిలించినట్టు లేడూ? నేను కర్టెన్లు కుట్టుకునేదాన్ని, నా కంటికి ఇంకోటి కనపడింది. వీణ్ణి కత్తిరించినవాడెవడో కొలత తప్పాడు. ఈ సైజుకి ఇంత గుడ్డ అక్కర్లేదు. మిగిలిందంతా నుదుటి మీదా మెడ కిందా కుచ్చిళ్లు పెట్టి వదిలేశాడు. చెవులకి మాత్రం ఇంకో కుక్క గుడ్డ వాడాడు!

నవ్వుతావేం? ఆ కుచ్చిళ్లు రోజూ తుడవాలి, తెలుసా? తడి నిలిచిపోతే పుండు పడుతుంది. కంటి కింద ఆ ఎర్ర రెప్ప వేలాడుతుంది చూడు, అందులో దుమ్ము చేరుతుంది. అదీ తుడవాలి, గోరువెచ్చటి నీళ్లతో. చూసేవాళ్లు "అయ్యో, ఎందుకంత దిగులుగా ఉన్నాడు" అంటారు. దిగులూ లేదు, పాడూ లేదు. పొద్దున్నే గుడ్డు తిని, నా దాంట్లో సగం లాక్కుని తిని, ఇంకా దిగులు మొహం పెట్టుకుని కూర్చుంటాడు. ఆ మొహం చూసి మొదట్లో నేను మోసపోయి, మోసపోయి, వీణ్ణి పీపాలా చేశాను. పశువుల డాక్టరు త్రాసు మీద నిలబెట్టి నాకు నాలుగు చివాట్లు పెట్టారు. "ఇంత పొడుగు నడుమూ, ఇంత పొట్టికాళ్లూ ఉన్న కుక్కకి ఒళ్లు పెరిగితే ఆ బరువంతా ఎక్కడ పడుతుందమ్మా" అన్నారు. అప్పటినుంచీ కొలిచి పెడుతున్నాను. వాడెంత ఏడుపు మొహం పెట్టినా సరే, తలతిప్పుకుని నా మిషను తొక్కుకుంటాను.

నీళ్లగిన్నె ఇదిగో, మూతి ఇరుగ్గా ఉన్నదే కొను. వెడల్పుగా ఉంటే చెవులు రెండూ అందులో మునుగుతాయి. ఆ తడి చెవులు ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరుగుతాడు. ఒకసారి తెల్ల సాటిను మీదుగా నడిచాడు. పెద్ద హోటలువాళ్ల కర్టెన్లే అవి! నేను ఏడ్చినంత పనయింది.

ఇక గొంతు. వీడు మొరగడు. మొరిగితే బాధ లేదు. మెడ పైకెత్తి, మూతి గుండ్రంగా చుట్టి, ఓడ బయల్దేరుతున్నట్టు కూస్తాడు. పై వాటాలో వయొలిన్ మాస్టారు ఒకరోజు తలుపు కొట్టి, "అమ్మా, మీ కుక్క కూయడం గురించి కాదు, శ్రుతి తప్పుతోంది" అన్నారు. ఏం చెయ్యమంటావు?

వీటన్నిటికంటే ముఖ్యం, మెడపట్టీ. వీధిలో ఎట్టి పరిస్థితుల్లోనూ పట్టీ విప్పకు. "పిలిస్తే వస్తాడు" అంటాడు మీ ఆయన. రాడు! ముక్కు నేలకి అంటించాడా, ఇక చెవులు పనిచెయ్యవు. అంతంత చెవులున్నాయి, ఏం లాభం? నేలమీద వాసన లేపడానికి తప్ప వినడానికి కావు అవి. ఎవరో నడిచి వెళ్లిన దారి దొరికితే చాలు, బస్సొస్తోందో లారీ వస్తోందో వీడికి పట్టదు. నన్నూ ఈడ్చుకుపోతాడు. అలా ఈడ్చుకుపోయే కదా...

మంచినీళ్లు కావాలా? వద్దా? టీ పెట్టనా? అదీ వద్దా. సరే.

ఏమంటున్నాను? ఆఁ, ముక్కు. వీడి ముక్కు సంగతి నీకు సరిగ్గా చెప్పనేలేదు. పన్ను నొప్పని ఫోన్లో చెప్పాను గుర్తుందా? పంటి డాక్టరు దగ్గరికి వెళ్లానని? అప్పుడు పన్ను సంగతే చెప్పాను, గొడుగు సంగతి చెప్పలేదు.

ఆరోజు కుండపోత. డాక్టరుగారి గుమ్మం పక్క డబ్బాలో గొడుగులు కుక్కి ఉన్నాయి. అన్నీ నల్లవే. దవడ మొద్దుబారి, ఒక పక్క పెదవి ఉందో లేదో తెలియకుండా బయటపడ్డాను. చేతికందిన గొడుగు తీసుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు ఆరేద్దామని తెరిస్తే, అది నాది కాదు! నా గొడుగు ఊస ఒకటి విరిగితే కర్టెను దారంతో కట్టుకున్నాను కదా. ఇది దిట్టంగా ఉంది. చెక్క పిడి, అరిగి నున్నగా అయిపోయి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. ఎవరి గొడుగో తెచ్చేశాను, ఆ మనిషి నా విరిగిన గొడుగు పట్టుకుని ఎంత తిట్టుకుని ఉంటాడో!

వీడేమో ఆ పిడి వదలడు. మూతి ఆనించి, కళ్లు మూసుకుని, పుస్తకం చదువుతున్నట్టు వాసన చూస్తూ కూర్చున్నాడు. విసుగేసి, వీణ్ణీ గొడుగునూ తీసుకుని డాక్టరు దగ్గరికే బయల్దేరాను, తిరిగి ఇచ్చేద్దామని. వెళ్తే తాళం! ఆరోజు సెలవట.

సరే, వెనక్కి తిరుగుదామనుకుంటే వీడు కదలడు. ఆ మెట్టు వాసన చూస్తాడు, మళ్లీ గొడుగు పిడి వాసన చూస్తాడు, మళ్లీ మెట్టు. ఉన్నట్టుండి తోక నిటారుగా లేచింది. ఇక చూడు! నేను నడవలేదే, నన్ను నడిపించాడు. బ్యాంకు ముందు స్తంభం చుట్టూ తిప్పాడు. బస్టాపులో బెంచీ దగ్గర ఆగాడు. ఇక్కడ బస్సెక్కేసి ఉంటాడులే, పీడా వదిలింది అనుకున్నాను. లేదు, మళ్లీ లాగాడు. పేపర్లు అమ్మే కొట్టు దాటాం. నేరుగా బేకరీ అద్దం ముందుకి తీసుకెళ్లి నిలబెట్టాడు. అప్పుడు తిట్టాను వీణ్ణి. "ఓరి తిండిపోతూ, దీనికోసమా నన్నింత దూరం తిప్పావు" అని. నా మాట పూర్తికాకుండానే పక్క సందులోకి మలుపు తిప్పాడు.

ఆ సందు చివర ఒక తాళాల కొట్టు. గుమ్మానికి పైన ఇంత పెద్ద చెక్క తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. వీడు ముందుకాళ్లు రెండూ మెట్టు మీద వేసి, మెడ పైకెత్తి, ఓడ కూత కూశాడు. వీధంతా తలుపులు తెరుచుకున్నాయి.

లోపల ఒకాయన. పొడుగ్గా, వంగి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టుకుని. బుగ్గ ఒక పక్క బోండంలా వాచి ఉంది. నన్ను చూశారు, కుక్కని చూశారు, నా చేతిలో గొడుగు చూశారు. లేచి, నవ్వబోయి, నొప్పికి బుగ్గ పట్టుకున్నారు. మాట రావడం లేదు పాపం. ముందురోజే పన్ను పీకించుకున్నారు. ఏం చేశారనుకున్నావు? వేలు పైకి చూపించారు. కొక్కేనికి నా గొడుగు వేలాడుతోంది. ఊస బాగుచేసి! నేను కట్టిన దారం తీసేసి, చిన్న ఇత్తడి ముక్క వేసి, అతుకు తెలియకుండా!

ఆయన మాట్లాడలేరు, నేను మాట్లాడకుండా ఉండలేను. నా సంగతి నీకు తెలుసుగా. వానా, డబ్బా, డాక్టరూ, మెట్టూ అన్నీ చెప్పాను. బేకరీ దగ్గర ఆగిన సంగతి చెప్పి, "అక్కడొక్కచోటే వీడు దారి తప్పాడండీ" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కాగితం ముక్క మీద రాసి చూపించారు. "తప్పలేదు. పన్ను పీకించుకుని వస్తూ అక్కడ కేకులు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను."

ఎంత నవ్వానో తెలుసా? చాలా రోజులైంది అలా నవ్వి. దవడ నొప్పెట్టింది నాకు కూడా.

ఎందుకే అలా చూస్తావు? గొడుగు మారింది, ఇచ్చేశాను, తెచ్చేసుకున్నాను. అంతే. అయిపోయింది.

అంటే, అక్కడితో అయిపోయేదే. వంటింటి అలమర వల్ల వచ్చింది చిక్కంతా.

వీడు అలమర తలుపు తీయడం నేర్చుకున్నాడు. ముక్కు కింద పెట్టి గడియ లేపుతాడు. నేను కర్టెన్లు తగిలించడానికి ఎవరింటికో వెళ్లి వచ్చేసరికి రొట్టె మొత్తం, కాగితంతో సహా, వెన్న, అరటిపళ్లు తొక్కలతో సహా, అన్నీ ఖాళీ. సోఫా కింద సగం దూరి, నడుమంతా బయటపెట్టి, దాక్కున్నాననుకుంటున్నాడు! ఇలా అయితే పశువుల డాక్టరు నన్ను బతకనివ్వరని, తాళాలాయన దగ్గరికి వెళ్లాను. ఊళ్లో ఇంకెవరు తెలుసు నాకు తాళాలు వేసేవాళ్లు?

ఆయన వచ్చి గుండ్రటి పిడి బిగించారు. వీడు కూర్చుని శ్రద్ధగా చూశాడు. ఆయన మెట్లు దిగి గేటు దాటేలోగా పళ్లతో పట్టుకుని తిప్పేశాడు! నేను కిటికీలోంచి అరిచి మళ్లీ పిలిచాను. ఈసారి అడ్డగడియ పెట్టారు. దాన్నీ లాగేశాడు. ఆయనకి పౌరుషం వచ్చింది. ఇంటికెళ్లి ఆలోచించి, నొక్కుడు తాళం ఒకటి సొంతంగా తయారుచేసి తెచ్చారు. వీడు ముందునుంచి ప్రయత్నించి, ప్రయత్నించి, అలమర పక్కకెళ్లి వెనక రేకు ఊడబీకాడు. ఆయన నేల మీద చతికిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "నా జన్మలో ఎంతోమంది దొంగల్ని చూశానండీ, తాళం జోలికే పోకుండా గోడ తీసేసిన దొంగ వీడొక్కడే" అన్నారు.

చివరికి రేకూ బిగించారు, తాళమూ నిలిచింది. ఎంత బాగా నిలిచిందంటే, నేనే తీయలేకపోయాను. తాళంచెవి లోపల పెట్టి నొక్కేశాను. మళ్లీ ఆయనకే ఫోను.

అప్పటికి బుగ్గ వాపు తగ్గింది, మాటలూ వచ్చాయి. అయినా ఎక్కువ మాట్లాడరు. నేను చెప్తుంటే వింటారు. వినడమంటే ఊరికే ఊ కొట్టడం కాదే. వారం తర్వాత వచ్చి, "అయితే ఆ హోటలువాళ్లు సాటిను సంగతి ఏమన్నారు" అని అడుగుతారు. నేను చెప్పింది నేనే మర్చిపోయి ఉంటాను.

ఆ, వస్తూండేవారు. తాళం ఎలా ఉందో చూడటానికి. తాళాలన్నాక చూసుకుంటూ ఉండాలట.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వీడికి నడుం పట్టేసిందని ఏడుస్తూ ఫోన్ చేశాను గుర్తుందా? నువ్వూ అక్కడ ఏడ్చావు, వస్తానన్నావు, నీకేమో పరీక్ష పేపర్లు దిద్దే పని. రావద్దన్నాను నేనే. "సాయం ఉన్నారులే" అన్నాను. ఎవరని నువ్వడగలేదు, నేను చెప్పలేదు.

నేను నిచ్చెన మీద ఉన్నాను, ఆ కిటికీ కొలత తీసుకుంటూ. వీడు సోఫా మీంచి దూకాడు. దూకనివ్వద్దని డాక్టరు చెవినిల్లు కట్టుకుని చెప్పారు, అందుకే చిన్న పీట వేశాను. కానీ కింద బేకరీవాడి బండి వెళ్లింది, వీడికి పీట గుర్తుంటుందా? దూకాడు. కెవ్వుమన్నాడు. లేవబోయాడు. ముందుకాళ్లు లేచాయి, వెనక్కాళ్లు రాలేదే. రెండు కాళ్లూ ఇంకెవరివో అయినట్టు వెనక పడి ఉన్నాయి. అప్పుడు కూడా నావైపు చూసి తోక ఊపుదామనుకున్నాడు. తోక కదల్లేదు.

నిచ్చెన ఎలా దిగానో తెలియదు. నా చెయ్యి ఫోను మీదకెళ్లింది. ఎవరికి చేశాననుకున్నావు? డాక్టరుకి కాదు. తాళాలాయనకి. ముందు ఆయనకి చేశాను, తర్వాత డాక్టరుకి. ఎందుకలా చేశానో నాకిప్పటికీ తెలియదు.

ఆయన కొట్టు తెరిచింది తెరిచినట్టే వదిలేసి వచ్చారు. తాళాలాయన, కొట్టుకి తాళం వెయ్యకుండా! అలమర తలుపు మరలు ఊడదీసి, ఆ తలుపు మీద వీణ్ణి కదలకుండా పడుకోబెట్టి, చెరో పక్కా పట్టుకుని రెండంతస్తులు దింపాం. టాక్సీలో దారిపొడుగునా వీడి ముక్కు మీద చెయ్యి వేసే ఉంచారు. "వాసన చూస్తూ ఉంటే వీడికి భయం ఉండదండీ" అన్నారు. ఆ సంగతి ఆయనకెవరు చెప్పారో!

ఆపరేషను వద్దు, కదలకుండా ఉంచితే తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారు డాక్టరు. ఆ "రాకపోనూవచ్చు" విన్నాక ఇంటికొచ్చి వెంటనే పనిలో పడ్డాం. ఆయన పాత కిటికీ చట్రాలు తెచ్చి ఇక్కడే, ఈ మూలే, చిన్న గదిలా కట్టారు వీడికి. నేను మందపాటి కర్టెను గుడ్డతో ఉయ్యాలలాంటి పట్టీ కుట్టాను, కడుపు కింద వేసి వెనకభాగం ఎత్తి పట్టుకోవడానికి. పొద్దున కొట్టు తెరవకముందు ఒకసారి, సాయంత్రం మూసేశాక ఒకసారి వచ్చేవారు. వీణ్ణి ఎత్తుకుని కింద గడ్డిలోకి తీసుకెళ్లి, నేను పట్టీ పట్టుకుంటే ఆయన వెనక్కాళ్లు ఒక్కొక్కటే నడిపించేవారు, పసిపిల్లాడికి నడక నేర్పినట్టు. వీధిలో జనం ఆగి చూసేవాళ్లు. ఆయనకేం పట్టేది కాదు.

ఒకరోజు గడ్డిలో అలాగే నడిపిస్తున్నాం. పిల్లి వెళ్లిన వాసనో ఏమిటో, వీడు ముక్కు నేలకానించాడు. తోక నిటారుగా లేచింది! తోకే! నేను పట్టీ వదిలేశాను. ఆయనా వదిలేశారు. వీడు తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ, వెనక్కాళ్లు తడబడుతూ, గోడదాకా వెళ్లి కూశాడు. అదే ఓడ కూత. పైనుంచి వయొలిన్ మాస్టారు తల బయటపెట్టి, "ఇవాళ శ్రుతిలో ఉంది" అన్నారు. నేను ఏడుస్తూ పక్కనున్న చెయ్యి పట్టుకున్నాను. ఎవరి చెయ్యో చూసుకోలేదు. అంటే, చూసుకున్నాను. వదల్లేదు.

చూశావా, ఇప్పుడెలా నడుస్తున్నాడో. కాస్త నడుం ఊపుతాడు, అంతే. కానీ మెట్లు మాత్రం జన్మలో ఎక్కకూడదట, దిగకూడదట. నాదేమో రెండో అంతస్తు. లిఫ్టు లేదు. వీణ్ణెత్తుకుంటే ఈసారి నా నడుం పడుతుంది.

పోయిన ఆదివారం ఇక్కడే కూర్చుని చెవులు శుభ్రం చేస్తున్నాం. వారం వారం చెయ్యాలి సుమా, లేకపోతే లోపల గాలాడక చీము పడుతుంది. ముందు మందు వెయ్యాలి, చెవి మొదట్లో మెల్లగా పిసకాలి, తర్వాత దూదితో తుడవాలి. పుల్లలు పెట్టి కెలక్కు. ఒక్కదాన్నే చేస్తే వీడు తల విదిలించి ఆ మందంతా నా మొహాన కొడతాడు. అందుకని చెరో చెవీ పట్టుకుంటాం. నేను ఎడమది, ఆయన కుడిది.

ఆ కుడిచెవి తుడుస్తూ, తల ఎత్తకుండా, "మా ఇల్లు కింద అంతస్తే కదండీ" అన్నారు.

"అవును" అన్నాను.

"మెట్లు లేవు. వెనకాల కొంచెం గడ్డి కూడా ఉంది."

"వీడికి బాగుంటుంది" అన్నాను.

"మీ మిషను పెట్టుకోవడానికి ముందుగది వెలుతురుగా ఉంటుంది. మనం ఇద్దరం... అంటే రిజిస్టరు ఆఫీసుకి వెళ్లి, పద్ధతిగానే... వీడికి మెట్ల బాధ తప్పుతుందని."

నా చేతిలో మందు సీసా వంగిపోయి గౌనంతా తడిసింది. ఆయన కంగారుపడి, "తొందరేం లేదండీ, తాళం పట్టేసినప్పుడు బలవంతంగా తిప్పితే చెవి విరిగిపోతుంది" అన్నారు. తన చెవి గురించే అనుకుని బస్తాగాడు లేచి పారిపోయాడు.

గోడ మీది ఫొటో వైపు చూస్తావేం?

మీ నాన్న గురించి అడగాలనుంది కదూ? అడక్కపోయినా చెప్తాను. మీ నాన్న పోయాక ఈ ఇంట్లో రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉండేది, నువ్వు గమనించావో లేదో. వినడానికి కాదు. స్నానాల గదిలోంచి "తువ్వాలు!" అని ఒక కేక వినపడేది చూడు, అది వినపడని నిశ్శబ్దం భరించలేక. ఆ కేకకి బదులు ఇంకో కేక రాదు, రావాలని నేను అనుకోవడమూ లేదు. ఈయన తువ్వాలు తనే తీసుకెళ్తారట, అడిగాను. మీ నాన్న ఎలా ఉండేవారో చెప్పమని ఆయనే అడిగారు. తెల్లటి కర్టెను అంచు కుడుతూ సాయంత్రమంతా చెప్పాను. విన్నారు. చివర్లో, "ఆయన ఉండగా కలిసి ఉంటే మంచి స్నేహితులమయ్యేవాళ్లం" అన్నారు. అలా అనడం ఎంతమందికి వస్తుందే?

సరే. అదీ సంగతి. ఇదంతా వీడి నడుం కోసం. మెట్లు ఎక్కకూడదన్నారు కాబట్టి. వేరే దారి లేదు కాబట్టి...

ఏమిటీ? మీ కొత్త ఇంట్లో లిఫ్టు ఉందా? కుక్కలకి ఒప్పుకున్నారా? అందుకే కదా తీసుకెళ్లడానికి వచ్చావు... అవునవును. ఫోన్లో చెప్పావు. నేను... అవును. నువ్వు తీసుకెళ్తే ఇక వీడికి మెట్ల బాధే లేదు. నిజమే.

నిజమే.

ఉండు. నీ కళ్లజోడు ఇలా ఇవ్వు, తుడిచిస్తాను. నా చేతికి ఏదో ఒక పని ఉండాలి.

చూడు తల్లీ, వీడు నీ కుక్క. గిన్నె కడిగి పెట్టాను, చెవి మందు, దూది, నడుం పట్టీ అన్నీ ఆ సంచీలో సర్దాను. పొద్దున్నే సర్దాను. సర్దుతూ ఏడ్చాననుకో, అది వేరే సంగతి. తీసుకెళ్లు. వీడు నిన్ను చూసి తోక ఎలా ఊపాడో చూశానుగా, నిన్ను కాదని నేనెలా ఉంచుకుంటాను?

కానీ వీణ్ణి తీసుకెళ్లినా నేను ఆ ఇంటికి వెళ్తాను.

విన్నావా? కుక్క లేకపోయినా వెళ్తాను. మెట్ల కోసం కాదు, నడుం కోసం కాదు, ముందుగదిలో వెలుతురు కోసం కూడా కాదు. నాకు ఆయనంటే ఇష్టం. ఈ వయసులో ఆ మాట కన్నకూతురికి చెప్పడానికి ఇంత కుక్కని అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది, ఏం చెయ్యను? ఆయన సాయంత్రం మెట్లెక్కుతుంటే చప్పుడు వినపడుతుంది. నేను ఊరికే, పని లేకపోయినా, మిషను తొక్కుతాను, ఎదురుచూడనట్టు కనపడాలని. చాలా?

ఇంకోటి కూడా చెప్పేస్తున్నాను. నిన్ను అడిగి చెప్తానన్నాను ఆయనతో. కానీ నిన్ను అడగలేదు. బుధవారంనాడు సరేననేశాను. నువ్వు కాదంటే బాధపడతాను, చాలా బాధపడతాను. కానీ వెళ్తాను.

ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా? రెండూనా? మీ నాన్న పోలికే. ఏదో ఒకటి సరిగ్గా చెయ్యవు.

ఏయ్, వాడి మెడపట్టీ మళ్లీ కొక్కేనికి తగిలించావేం? సంచీ ఎందుకు విప్పుతున్నావు? నీ కుక్కే అది, నేను నిజంగానే అన్నాను... శని, ఆదివారాలు వచ్చి చూస్తావా? ఇద్దరూనా? అల్లుడు ఒప్పుకుంటాడా? నువ్వు చెప్తే ఒప్పుకుంటాడులే, ఎప్పుడు కాదన్నాడు గనక.

ఇలా రా. ఈ కిటికీ దగ్గరికి. ఎదురుగా బస్టాపు చూడు. నువ్వొచ్చిన దగ్గర్నుంచీ ఇన్ని బస్సులు వచ్చి వెళ్లాయి, ఒక్కటీ ఎక్కకుండా కూర్చున్నారే, ఆయనే. వద్దన్నాను, వినలేదు. "మీ అమ్మాయి ఏమంటుందో తెలియకుండా కొట్లో కూర్చోలేను" అన్నారు. బూట్లు పాలిష్ చేసుకొచ్చారు చూడు, ఇక్కడికే మెరుస్తున్నాయి.

పిలవనా? నువ్వు పిలుస్తావా? ఏమని పిలవాలా? అది నీ ఇష్టం, బాబాయ్ అను, మాస్టారూ అను, ఇంకేదైనా అను, ఆయన ఏమీ అనుకోరు. నేనా? నేనేమని పిలుస్తానా?

ఇన్నాళ్లూ "తాళాలుగారూ" అనేదాన్ని. నిజంగానే! కానీ నిన్న సాయంత్రం వంటింట్లోంచి ఏదో పలుకు వచ్చేసింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అనేశాను. నోరు జారి కాదే, అలవాటుగా. ఎన్నేళ్ల తర్వాతో! ఇక్కడ, ఈ గదిలో ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు కింద పడిన చప్పుడు వినపడింది. చాలాసేపు రాలేదు. వెళ్లి చూస్తే, దాన్ని వెతుకుతున్నట్టు నేల మీద వంగి కళ్లు తుడుచుకుంటున్నారు.

సరే, కాస్త పక్కకి జరుగు. కిటికీ నేనే తీస్తాను.

ఏమండీ! ఏమండీ, మిమ్మల్నే! పైకి రండి!